నాలుగిరవైల పదిహేడు

కాలేజీలో నాకు ఫోర్ ట్వంటీ అని పేరు పడింది. రిటైరయిన రోజున నా మెడలో దండ వేసినవాళ్లు కూడా ఆ పేరుతోనే పిలిచి వేశారు. నేను ఎవరినీ ముంచలేదు, ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోలేదు. ఆ పేరు నేను లెక్కపెట్టే పద్ధతి వల్ల వచ్చింది. ఆ పద్ధతి తప్పు కాదని ఇప్పటికీ అంటాను. తప్పు ఇంకొకచోట చేశాను, దాన్ని కూడా చెబుతాను. మీలో కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఉంటారు. మీకు పనికొస్తే ఉంచుకోండి. పనికిరాకపోతే ఇంకెవరికైనా ఇవ్వండి. పారెయ్యకండి.

నేను చదివింది మూడో తరగతి. చదవటం వచ్చు, గుండ్రంగా రాయటం వచ్చు, అంతకుమించి బడి నాకు ఏమీ ఇవ్వలేదు, నేను బడికి ఏమీ బాకీ లేను. ఎనభైల్లో తెనాలిలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో అటెండరుగా ఉండేదాన్ని. ఇల్లు రేపల్లెలో. పొద్దున ప్యాసింజరెక్కి తెనాలి రావటం, సాయంత్రం అదే ప్యాసింజరెక్కి పోవటం. గంట కొట్టటం, నోటీసులు తిప్పటం, సుద్దముక్కలు అందించటం నా పని. అరిగిపోయిన సుద్దముక్కల్ని డబ్బాలో ఏరిపెట్టి, కొత్తవి అడిగిన లేడీ లెక్చరర్లకు ముందు అవి ఇచ్చేదాన్ని. నా మీద ఫిర్యాదులన్నీ ఇలాంటివే.

పరీక్షల రోజుల్లో నా పని పెద్దది. యూనివర్సిటీ నుంచి వచ్చిన జవాబు పుస్తకాల కట్టలు విప్పటం, గదికి ఎన్ని కావాలో అన్ని లెక్కపెట్టి ఇవ్వటం, ఆఖరిరోజున మిగిలినవి లెక్కపెట్టి గుమాస్తాకు చెప్పటం. ఈ లెక్క నేను ఇరవైల్లో పెడతాను. మా అమ్మ చెరుకుపల్లి పొలాల్లో నారు తీసే మనిషి. ఆమెకు ఇరవై దాటి అంకె తెలియదు. కాళ్లవీ చేతులవీ వేళ్లు అయిపోతే ఆమె అంకెలూ అయిపోయినట్టే. ఇరవై నారుకట్టలకు ఒక చింతగింజ కొంగులో వేసుకునేది. నాలుగు గింజలైతే నాలుగిరవైలు. తొంభై అంటే నాలుగిరవైల పది. అంకె తెలియని ఆ మనిషిని ఏ మేస్త్రీ ఒక్క కట్ట దగ్గర కూడా మోసం చేయలేకపోయాడు. నాకు తొంభై అని రాయటం తెలుసు, చదవటం తెలుసు. కానీ చేతిలో కాయితాలు కదులుతున్నప్పుడు నోరు మా అమ్మ లెక్కే చెబుతుంది. పాత గుమాస్తాగారు నా లెక్క ఎరిగినవారు. నేను నాలుగిరవైల మూడు అంటే పెన్ను ఎత్తకుండా ఎనభై మూడు వేసేవారు. ఆయన వెళ్లిపోయాక బాపట్ల నుంచి ఒక కుర్ర గుమాస్తా వచ్చాడు. చలాకీ మనిషి. నన్ను అత్తా అనేవాడు. ఇంగ్లీషులో కూడి, ఇంగ్లీషులో తీసివేసి, ఇంగ్లీషులోనే తుమ్మేవాడు.

ఇక అసలు పిల్ల సంగతి. నిజాంపట్నం నుంచి ఒక అమ్మాయి బి.ఎస్సీ. లెక్కల్లో చేరింది. వాళ్ల నాన్నకు పడవలో వాటా ఉంది. వేటకు పోయిన మనిషి తిరిగొచ్చేదాకా ఆగి చేర్పించటానికి వచ్చేసరికి, లెక్కల గ్రూపులో రెండో భాషగా తెలుగు తీసుకున్నవాళ్ల సెక్షన్ నిండిపోయింది. ఫ్రెంచి సెక్షన్‌లో మాత్రం ఖాళీ ఉంది. లెక్కలు కావాలంటే ఫ్రెంచి కూడా మొయ్యాలి. వాళ్ల నాన్న ఆఫీసు వరండాలో నిలబడి, "ఫ్రెంచంటే ఏంటండి, మిషను పనా?" అని నన్నే అడిగాడు. భాష అని చెప్పాను. "భాషైతే పర్లేదులెండి, నోరుందిగా దీనికి," అన్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం కూతురి వైపు తిరిగి, "ఒక్క పేపరు పోయిందా, ఎండుచేపల పందిళ్ల దగ్గరికి వచ్చెయ్. నాకు మళ్లీ మళ్లీ చదివించటం చేతకాదు," అన్నాడు. కోపంగా అనలేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పాడు. అందుకే ఆ పిల్ల నమ్మింది.

ఆ పిల్ల బస్సులో రేపల్లె వచ్చి నేనెక్కే ప్యాసింజరే ఎక్కేది. నా ఎదురుగా కిటికీ పక్కన కూర్చునేది. భట్టిప్రోలు దాకా లెక్కలు, భట్టిప్రోలు దాటితే ఫ్రెంచి. లెక్కలు చేసేటప్పుడు మొహం వెన్నెల్లా ఉండేది. ఫ్రెంచి పుస్తకం తీస్తే పంటి నొప్పి వచ్చినదానిలా అయ్యేది. రాసుకోవటానికి కాయితం ఉండేది కాదు. పెళ్లి శుభలేఖల వెనకా, పాత క్యాలెండరు కాయితాల వెనకా చేసేది. కాయితం అంచు దాకా, మూలమూలా నింపేది. నాకు ఆ పిల్ల మీద గౌరవం కలగటానికి అదే కారణం.

ఒకరోజు వేమూరు దగ్గర ఆ పిల్ల ఏడుస్తూ కనిపించింది. నేను ఏడ్చేవాళ్లను ఓదార్చే మనిషిని కాదు.

"ఏంటే, ఏం పోయింది?" అన్నాను.

"ఏం లేదు పెద్దమ్మా."

"ఏం లేకపోతే కళ్లు తుడుచుకో. పుస్తకం తడుస్తంది."

అప్పుడు ఒక కాయితం చూపించింది. ఫ్రెంచి మేడమ్ నోటితో అంకెలు చెప్పి రాయించారట. ఆ పిల్ల 4 20 10 8 అని రాసింది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత. క్లాసంతా నవ్విందట. లెక్కల్లో ఫస్టొచ్చే పిల్లకు అంకెలు రాయటం రాదా అని మేడమ్ అన్నారట.

"ఆవిడ చెప్పింది అదే పెద్దమ్మా. కాత్ర్ అంటే నాలుగు. వాఁ అంటే ఇరవై. దీజ్ అంటే పది. యుయిత్ అంటే ఎనిమిది. నాలుగు, ఇరవై, పది, ఎనిమిది. విన్నది విన్నట్టు రాశా. ఇంకేం రాయాలి?"

నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. చేతులు ఆపకుండానే, "నాలుగిరవైల పద్దెనిమిది. తొంభై ఎనిమిది," అన్నాను.

ఆ పిల్ల నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పేపరు తిప్పి చూసింది. మేడమ్ ఎర్ర సిరాతో పక్కన వేసిన జవాబు 98.

"మీకు ఫ్రెంచి ఎట్టా వచ్చు?"

"ఫ్రెంచి కాదు, నారుకట్టలు. నాలుగు ఇరవైలు ఎంత?"

"ఎనభై."

"ఆ పైన పద్దెనిమిది. ఇంత లెక్కలు చదివిందానివి, హెచ్చవేసి కూడటం తెలియదా? నాలుగు పక్కన ఇరవై పెట్టి ఊరుకున్నావా, దండకు పూలు గుచ్చినట్టు?"

ఆ రోజు నుంచి భట్టిప్రోలు దాటాక మాకు అదే పని. నేను నా లెక్కన ఒక అంకె చెప్పటం, ఆ పిల్ల ఫ్రెంచిలో అనటం. డెబ్భై దగ్గర మాత్రం ఇద్దరికీ గొడవ వచ్చేది. మా అమ్మ మూడిరవైల పది అంటుంది, వాళ్లు అరవై మీద పది అంటారు. ఎనభైకి ఇరవైలు వాడేవాళ్లు డెబ్భైకి ఎందుకు వాడరని అడిగాను. వాళ్లను అడగండి పెద్దమ్మా అంది. అంకెల భయం పోయాక మిగతా భాష కూడా ఆ పిల్లకు లొంగింది. క్రియలు లెక్కల్లో సూత్రాల్లాగే ఉన్నాయనీ, ఒకటి పడితే పది వస్తాయనీ చెప్పేది. లెక్కలు నేర్చిన బుర్రతోనే ఫ్రెంచి చదివింది. నాకు అర్థం కాకపోయినా తల ఊపేదాన్ని.

ఇప్పుడు నా తప్పు. ఆ ఏడు పరీక్షలకు కట్టలు విప్పితే రెండు పుస్తకాలు కుట్టూడిపోయి ఉన్నాయి. పిల్లలకు ఇవ్వటానికి పనికిరావు. అలాంటివి కూడా మిగిలినవాటితో కలిపి వెనక్కి పంపాలి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. పాత గుమాస్తాగారు, "చినిగినదైనా మనది కాదమ్మా," అని ఏటా చెప్పేవారు. అయినా ఒక పక్క తెల్లటి కాయితం, ఇంకో పక్క శుభలేఖల వెనక లెక్కలు చేసే పిల్ల. యూనివర్సిటీ వాళ్లు చేసేది ఏముంది, చింపి పారేస్తారు అనుకున్నాను. నెంబరు అచ్చువేసి ఉన్న పై అట్టలు రెండూ తీసేశాను. లోపలి కాయితాలు ఆ పిల్లకు ఇచ్చి, "ఇంటికాడే చేసుకో, కాలేజీకి తీసుకురామాకు," అన్నాను. ఆ మాట అన్నానంటే అది తప్పని నాకు తెలిసినట్టేగా. అట్టలు కూడా పారెయ్యలేదు. ఒకటి నా కీర్తనల పుస్తకానికి వేసుకున్నాను. ఇంకొకటి చింతపండు డబ్బాకు మూతకింద పెట్టాను.

పరీక్షలు అయిపోయాయి. మిగిలిన పుస్తకాలు లెక్కపెట్టాను. కుర్ర గుమాస్తా వరండా అవతల గదిలో కాయితాలు నింపుతున్నాడు. "ఎన్నత్తా?" అని అరిచాడు. "నాలుగిరవైల పదిహేడు," అని అరిచాను. కట్ట కట్టి లక్క సీలు వేశాం. పంపించాం. సెలవులిచ్చారు.

కాలేజీ తెరిచాక యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. మీరు మిగిలినవి నాలుగొందల ముప్ఫై ఏడు అని రాశారు, కట్టలో ఉన్నవి తొంభై ఏడు, మిగతా మూడొందల నలభై జవాబు పుస్తకాలు ఏమయ్యాయో చెప్పండి అని. మీకు ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు. ఖాళీ జవాబు పుస్తకం బయటికి పోతే ఇంట్లో కూర్చుని రాసి లోపలికి మార్చవచ్చు. మూడొందల నలభై పోతే ఆ కాలేజీలో రాసినవాళ్ల ఫలితాలన్నీ ఆపేస్తారు. అందుకే ప్రిన్సిపాల్ గారు విచారణ పెట్టారు. విచారణకు కూర్చున్నది ఆవిడ, లెక్కల సార్, ఫ్రెంచి మేడమ్. నాకు మెమో ఇచ్చారు. అప్పటికి నన్ను పర్మినెంటు చెయ్యటానికి కాయితాలు పైకి పోయి ఉన్నాయి.

ప్రిన్సిపాల్ గారి గదిలో నన్ను బల్ల ముందు నిలబెట్టారు. కుర్ర గుమాస్తా పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

"ఎన్ని మిగిలాయని చెప్పావు ఆయా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"నాలుగిరవైల పదిహేడండి."

"చూశారా మేడమ్," అన్నాడు గుమాస్తా. "ఇవాళ కూడా అదే అంటన్నారు. ఫోర్ ట్వంటీ, దానికి సెవెంటీన్ కలిపా. ఫోర్ థర్టీ సెవెన్. రెండుసార్లు కూడుకుని మరీ రాశానండి."

"నాలుగొందలని నేనెక్కడన్నాను బాబూ?"

"నాలుగు అన్నారు, ఇరవై అన్నారు. నాలుగూ ఇరవై పక్కపక్కన పెడితే నాలుగొందల ఇరవై కాక ఏమవుద్దత్తా?"

ఫ్రెంచి మేడమ్ పాండిచ్చేరిలో చదువుకుని వచ్చిన మనిషి. రోజూ బాపట్ల నుంచి బండిలో వచ్చేవారు. నవ్వటం తక్కువ. ఆవిడ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దగ్గనుకున్నాను. కాసేపటికి తెలిసింది, నవ్వు.

"ఆయా, ఎనభైని ఎలా చెబుతావు?" అన్నారు.

"నాలుగిరవైలండి."

"తొంభై?"

"నాలుగిరవైల పదండి."

ఆవిడ ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగారు. "మేడమ్, నేను రోజూ క్లాసులో నేర్పేది ఇదే. ఫ్రెంచి వాళ్లకూ తొంభై ఏడు అంటే నాలుగిరవైల పదిహేడే. పోయినేడాది ఒక అమ్మాయి నాలుగు పక్కన ఇరవై రాస్తే నేనే ఎర్రగీత గీశాను. ఈయన అదే తప్పు చేశారు. ఈవిడ చెప్పింది తొంభై ఏడు. కట్టలో ఉన్నవీ తొంభై ఏడే."

గది తేలికపడింది. ప్రిన్సిపాల్ గారు కుర్చీకి జారగిలబడ్డారు. గుమాస్తా నావైపు తిరిగి, "మీకు ఫ్రెంచి వచ్చని ఒక్కమాట ముందే చెప్పకూడదా అత్తా," అన్నాడు. అందరూ నవ్వారు. నా పేరు ఆ నవ్వులోనే పుట్టింది.

లెక్కల సార్ మాత్రం నవ్వలేదు. ఆయన ముందున్న బ్లాటింగ్ కాయితం మీద పెన్సిల్‌తో ఏదో వేసుకుంటున్నారు. పొట్టి మనిషి, మాట నెమ్మది. బోర్డు మీద ఒక గుర్తు తప్పుపడితే గంట కొట్టినా క్లాసు వదలని రకం. ఆయన వల్ల నేను ఎన్నోసార్లు రెండో గంట కొట్టాల్సి వచ్చేది.

"వచ్చినవి పన్నెండు వందల యాభై," అన్నారాయన. "పిల్లలు రాసినవి పదకొండు వందల యాభై ఒకటి. మిగలాల్సినవి తొంభై తొమ్మిది."

"తొంభై ఏడున్నాయి కదా సార్," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"అదేనండి అంటున్నా. రెండేవి?"

ఫ్రెంచి నన్ను విడిపించింది. లెక్కలు పట్టుకున్నాయి.

గుమాస్తా మంచివాడు. నాకు దారి చూపించాడు. "చినిగినవి ఉంటాయి సార్, ఊడ్చేటప్పుడు పోయుంటాయి," అన్నాడు. తల ఊపితే సరిపోయేది. రెండు కాయితం పుస్తకాల కోసం ఎవరూ నా ఇల్లు వెతకరు. కానీ నేను ఊడ్చేటప్పుడు కాయితం పోనిచ్చానంటే ఆ కాలేజీలో గోడలు కూడా నమ్మవు. ఆ మాటకొస్తే నా తప్పు చీపురు మీదికి నెట్టటం నాకు ఇష్టం లేదు.

"పోలేదండి. కుట్టూడినవి రెండు నేను తీసుకున్నాను."

"ఎందుకు?"

"తెల్లకాయితం కదాని."

"ఎక్కడున్నాయి?"

"ఉన్నాయండి."

లెక్కల సార్ పెన్సిల్ కింద పెట్టారు. "ప్రతి పేజీ కావాలి. అట్టలు కూడా. నెంబర్లు సరిచూడాలి. ఒక్క కాయితం తగ్గినా అది బయటికి పోయిందనే అనుకోవాల్సి వస్తుంది," అన్నారు. రేపు తెస్తానని చెప్పి బయటికి వచ్చాను. నా భయం ఉద్యోగం గురించి కాదు. ఫలితాలు ఇంకా రాలేదు. యూనివర్సిటీ కాయితం ఒక విద్యార్థి చేతిలో ఉందని తేలితే, అది చిత్తుకాయితమైనా సరే, ముందు ఆ పిల్ల ఫలితం ఆపుతారు. తర్వాత అడుగుతారు. అక్కడ నిజాంపట్నంలో వాళ్ల నాన్న ఒక్క పేపరు పోయినా చదువు మాన్పిస్తానన్నాడు.

సాయంత్రం రైల్లో ఆ పిల్లతో చెప్పాను. బ్యాగులోంచి కాయితాలు తీసింది. తేవద్దన్నవి రోజూ తెస్తూనే ఉందన్నమాట. కసిరే టైము కాదని ఊరుకున్నాను. ఒక్కో పుస్తకానికి పదహారు పేజీలు. లెక్కపెట్టాం. ఒక కాయితం తక్కువ.

"ఏదే?"

"అమ్మ తీసుకుంది. ఎండురొయ్యలు పొట్లం కట్టి మా మేనత్తకు పంపింది."

"మేనత్త ఎక్కడ?"

"మా వీధే."

"రొయ్యలు కూర వండుకున్నా సరే, కాయితం రేపటికి రావాలి."

"నేనే వచ్చి చెప్తా పెద్దమ్మా. నావల్ల మీ ఉద్యోగం పోతే ఎట్టా?"

"నీవల్ల ఏం పోదు. నోరు మూసుకుని క్లాసుకు పో. నువ్వొచ్చి చెబితే తప్పు రెండు అవుద్ది, సగం కాదు. లెక్కలు చదివిందానివి, ఆ మాత్రం తెలియదా?"

మర్నాడు పొద్దున ఆ కాయితం వచ్చింది. నూనె దిగి, రెండు మడతలు పడి, అందులో ఫ్రెంచి క్రియలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. నేను ఇంటి నుంచి అట్టలు తెచ్చాను. ఒకదానికి చింతపండు మరక. పదిన్నరకు గంట కొట్టి, ఆ కట్ట పట్టుకుని ప్రిన్సిపాల్ గారి గదిలోకి పోయాను. వాళ్లు ముగ్గురూ నిన్నటి కుర్చీల్లోనే ఉన్నారు.

కట్ట విప్పగానే గదినిండా ఎండురొయ్యల వాసన. ప్రిన్సిపాల్ గారు ముక్కు దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ కాలేజీలో ఆ వాసన ఏ ఊరిదో తెలియనివాళ్లు లేరు. ఆ పిల్ల పక్కన కూర్చోవటానికి మొదట్లో పిల్లలు మొహాలు చిట్లించేవాళ్లు.

"ఇదేం వాసన ఆయా? మీ ఇంట్లో ఎండురొయ్యలు వండుతారా?"

"రేపల్లెలో వండనివాళ్లెవరండి."

లెక్కల సార్ అట్టల మీద నెంబర్లు రిజిస్టరుతో సరిచూశారు. పేజీలు ఒక్కొక్కటే తిప్పారు. ఒక పేజీ దగ్గర ఆగారు. చెయ్యి జేబులోకి పోయి ఎర్ర పెన్ను తీసింది. మూత తీసి కాయితం మీదికి వంగారు కూడా. అప్పుడు ఏం గుర్తొచ్చిందో, మూత పెట్టి పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఆ పేజీలు ఫ్రెంచి మేడమ్ వైపు జరిపారు. అందులో ఒక పక్క నా ఇరవైల లెక్క, ఎదురుగా ఫ్రెంచి మాటలు, నిట్టనిలువుగా వరుసలు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చదివారు. ఆ చేతిరాత వాళ్లిద్దరూ వారానికి అయిదుసార్లు దిద్దే చేతిరాత. వాళ్లకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. నాకు తెలిసిందని వాళ్లకూ తెలిసింది.

"ఈ రాత ఎవరిది?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

నన్నే అడిగారు. నేను ఆవిడ మొహంలోకి చూస్తూ చెప్పాను.

"తీసింది నేనండి. వద్దని తెలిసే తీశాను. ఏం శిక్ష వేసినా నాకు వెయ్యండి."

బయట క్లాసు మారుతున్న చప్పుడు వినిపిస్తోంది. గంట నేనే కొట్టాలి. నేను లేనని గుమాస్తా కొట్టాడు, అదీ రెండు నిమిషాలు ముందు.

"మీరేమంటారు?" అని ప్రిన్సిపాల్ గారు లెక్కల సార్‌ను అడిగారు.

"ముప్ఫై రెండు పేజీలూ ఉన్నాయి మేడమ్. అట్టలు రెండూ ఉన్నాయి. పరీక్షలో వచ్చిన ప్రశ్న ఇందులో ఒక్కటి కూడా లేదు. ఉన్నవి చిత్తు లెక్కలు. ఒకటి తప్పు చేశారు."

"ఫ్రెంచిలో తప్పులు లేవు," అన్నారు ఫ్రెంచి మేడమ్.

ప్రిన్సిపాల్ గారు ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత కాయితాలన్నీ ఒక పెద్ద కవరులో పెట్టి, సీలు వేయించి, మీద ఏదో రాశారు. తొంభై ఏడు అనటానికి బదులు పొరపాటున వేరే అంకె పడిందనీ, పాడైన రెండు పుస్తకాలు అటెండరు సొంతానికి వాడిందనీ, అన్ని పేజీలూ తిరిగి వచ్చాయనీ యూనివర్సిటీకి ఉత్తరం పోయింది. నన్ను పర్మినెంటు చెయ్యటం ఏడాది వెనక్కి పోయింది. ఆ ఏడాది నాకు కష్టమైంది, అన్యాయమైతే కాలేదు. ఆ తర్వాత గుమాస్తాకూ నాకూ ఒక ఒప్పందం. నేను ఏ లెక్క చెప్పినా కాయితం మీద అంకె వేసి అతని చేతికి ఇవ్వాలి. కాలేజీ వదిలేదాకా అలాగే ఇచ్చాను.

ఫలితాలు ఆ తర్వాత వచ్చాయి. ఆ పిల్ల లెక్కల్లో ఫస్టు, ఫ్రెంచిలో క్లాసులో రెండో మార్కు. తొంభైల్లో ఎమ్మెస్సీ చేసి బాపట్లలో లెక్చరరైంది. ఆ పిల్ల చదువు గురించి నేను ఎక్కువ చెప్పను. అది ఆ పిల్ల కష్టం, నాది కాదు. నేను చెప్పదలచుకున్నది విచారణ అయిన రోజు సాయంత్రం జరిగింది.

ప్యాసింజరు తెనాలి నుంచి కదిలింది. ఆ పిల్ల పుస్తకం తీయలేదు. నా ఎదురుగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జరిగిందంతా చెప్పాను. సార్ ఎర్ర పెన్ను తీసి లోపల పెట్టుకున్నారని చెబితే, "ఏ లెక్క తప్పు?" అంది ముందు. ఆ తర్వాత ఏడ్చింది.

"నా పేరు అడిగారా పెద్దమ్మా?"

"రాత ఎవరిదని అడిగారు."

"మీరేం చెప్పారు?"

"తీసింది నేనని చెప్పాను."

"అది జవాబు కాదుగా."

"కాదు. ఆవిడ మళ్లీ అడగలేదు."

వేమూరు పోయింది. లెక్కల పిల్ల కదా, ఏదీ సగంలో వదలదు.

"మళ్లీ అడిగి ఉంటే?" అంది.

"పుస్తకం తీసి చదువుకో," అని కసిరాను.

ఇన్నేళ్లుగా చాలామంది నన్ను గట్టి మనిషి అంటారు. అవును, గట్టిదాన్నే. గంట దగ్గరా, సుద్దముక్కల దగ్గరా, తప్పు ఒప్పుకునే దగ్గరా గట్టిగానే ఉన్నాను. కానీ ఆ గదిలో ఆవిడ రెండోసారి అడిగి ఉంటే, ఉద్యోగం తీసేస్తాను ఎవరిదో చెప్పు అని ఉంటే, నా నోట్లోంచి ఏం వచ్చేదో నాకు తెలియదు. ఆ పిల్లకు ఆ రోజు జవాబు చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. ఆ పిల్ల కూడా మళ్లీ అడగలేదు.